నోరు జారినదా, బుద్ధి బయటపడినదా?

కాలు జారిన తీసికొనవచ్చును గాని నోరు జారిన తీసికొనలేమని మన పెద్దలు చెప్పుదురు. ఈ సామెత సామాన్యుల విషయమున ఎంత సత్యమో మన రాజకీయ నాయకుల విషయమున అంత అసత్యముగ కనబడుచున్నది. స్త్రీలపై జరుగు బలాత్కారములను గూర్చి నాయకుడొకడు నీచముగ మాటలాడును. దేశమంతట గగ్గోలు పుట్టును. మరునాడు ఆయన తన మాటలను పత్రికలవారు వక్రీకరించిరనును. మూడవనాడు, ఎవరి మనస్సైన నొచ్చియున్నచో చింతించుచున్నాననును. నాలుగవనాటికి వేరొక వార్త పుట్టును; జారిన నోరు సుఖముగ యథాస్థానమునకు చేరును. 2012వ సంవత్సరము మొదలుకొని ఈ తంతు ఎన్ని పర్యాయములు నడచినదో లెక్కింపబూనినచో రెండు చేతుల వ్రేళ్లు చాలవు.

ప్రజల ఆగ్రహము నిజమైనది, న్యాయమైనది. కాని అది ప్రతి పర్యాయమును ఒక క్షమాపణ వాక్యము కడ ఆగిపోవుచున్నది. ఆ గడప దాటి ముందునకు పోవలదా? పోవలసినచో ఎచ్చటికి పోవలెను? ఈ ప్రశ్నమును మేమిట పాఠకమహాశయుల యెదుట ఉంచదలచితిమి.

ఒక ఉదాహరణమును సాంతముగ పరిశీలింతము. 2013 జూలై, ఆగస్టు మాసములలో ముంబయి నగరమున మూతపడిన శక్తి మిల్లుల ఆవరణలో ఇద్దరు యువతులు వేర్వేరు దినములందు సామూహిక బలాత్కారమునకు గురియైరి. రెండు నేరములందును పాల్గొనినట్లు రుజువైన ముగ్గురికి అచ్చటి సెషన్సు న్యాయస్థానము 2014 ఏప్రిల్ 4వ తేదీన మరణశిక్ష విధించెను. ఈ నేరమునకు ఒకసారి దోషిగ తేలినవాడు మరల అదే నేరమున దోషియైనచో ఉరి వేయవచ్చునని 2013లో పార్లమెంటు చేసిన కొత్త శాసనమే ఆ తీర్పునకు ఆధారము.

అవి లోక్‌సభ ఎన్నికల దినములు. ఏప్రిల్ 10వ తేదీన ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాదులో జరిగిన సభయందు సమాజ్‌వాదీ పక్షాధినేత ములాయంసింగ్ యాదవ్ ఈ తీర్పును ప్రస్తావించెను. వారు కుర్రవాండ్రు, కుర్రవాండ్ర వలన తప్పులు జరుగుచుండును, అందులకు ఉరితీయుదురా అని ఆయన ప్రశ్నించెను. స్నేహము చెడిన పిమ్మట ఆడపిల్ల పోయి బలాత్కారమని ఫిర్యాదు చేయుననియు సెలవిచ్చెను. తాము అధికారమునకు వచ్చినచో ఇట్టి శాసనములను మార్చుటకు ప్రయత్నింతుమని వాగ్దానము చేసెను. జాతీయ మహిళా కమిషను ఖండించెను, మహిళాసంఘములు ఖండించెను, ఎదుటి పక్షములవారందరును ఖండించిరి. ఆ పక్షమునకే చెందిన మహారాష్ట్ర నాయకుడు అబూ ఆజ్మీ అంతటితో ఊరకుండక, స్త్రీకిని శిక్ష పడవలెనను భావమును ఒక పత్రికా సంభాషణలో వెలిబుచ్చగా, ఆ మాటలు నిజమే యైనచో తానును తన భర్తయు సిగ్గుపడుచున్నామని ఆయన కోడలే బహిరంగముగ ప్రకటించెను. ఇంటి కోడలికి తోచిన న్యాయము పక్షములోని పెద్దలకు తోచకపోవుట విచారకరము.

ఈ ఆగ్రహము అకారణమని ఎవ్వరును అనజాలరు. పలికినవాడు వీధి చివర పొద్దుపుచ్చు పనిలేనివాడు కాడు. మూడు పర్యాయములు ముఖ్యమంత్రి పదవిని, ఒకప్పుడు దేశ రక్షణమంత్రి పదవిని నిర్వహించినవాడు. ఆయన పలికిన దినమున ఆయన కుమారుడే ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రి. అట్టివాడు నేరమును ‘తప్పు’ అనినపుడు ఆ మాట సభ ముగియగనే గాలిలో కలిసిపోదు. అది ప్రతి పోలీసు ఠాణాకును చేరును. ఫిర్యాదు చేయ వచ్చిన స్త్రీని ముందు అనుమానింపుమని, కుర్రవాని భవిష్యత్తును తలచుకొమ్మని, రాజీ కుదుర్పుమని అది ఠాణా అధికారికి వ్రాయని ఉత్తరువు వంటిదగును. అధికారమున ఉన్నవాని అభిప్రాయమునకును ఆజ్ఞకును మన దేశమున దూరము చాల తక్కువ.

ఇంకను ‘కుర్రవాండ్రు’ అను మాటను చూడుడు. పరీక్ష తప్పిన వానిని, తోటలో మామిడికాయ దొంగిలించిన వానిని మనము కుర్రవాడందుము. ఆ ముద్దుపేరును బలాత్కారము చేసినవానికి తగిలించినపుడు నేరము అల్లరియగును. బాధపడిన స్త్రీ ఆ అల్లరిని సహింపలేని గయ్యాళియగును. మన వాడుకలోని ‘మానభంగము’ అను మాటయు ఇట్టిదే. చేసినవాడొకడు, మానము పోయినది వేరొకరిది! మాటలలో ఇంత అన్యాయము పేరుకొనియున్న సమాజమున నాయకుడు పలుకు ప్రతి పలుకును ఆ అన్యాయమును తగ్గించుటయో పెంచుటయో చేయును. నడిమి మార్గము లేదు.

స్నేహము చెడి ఫిర్యాదు చేయుదురను వాదమునకు సమాధానము ప్రభుత్వపు లెక్కలలోనే కలదు. జాతీయ నేర నమోదు కార్యాలయము ప్రకటించిన దాని ప్రకారము 2012లో దేశమున నమోదైన బలాత్కారపు కేసులు 24,923. అందు 24,470 కేసులలో నిందితుడు ఆమెకు ఎరిగినవాడే. అనగా నూటికి 98 కేసులలో చేసినవాడు బంధువో, ఇరుగుపొరుగువాడో, పరిచయస్థుడో. పరిచయమున్నది గనుక ఫిర్యాదు అబద్ధమనుటయే న్యాయమైనచో ఈ దేశమున నూటికి ఇద్దరు స్త్రీలకు తప్ప ఇతరులకు న్యాయస్థానము మెట్లెక్కు అర్హతయే ఉండదు. నాయకునకు ఈ లెక్క తెలియకపోవుట ఒక లోపము. తెలిసియు ఓట్లకై అట్లు పలికియుండుట అంతకంటె పెద్ద లోపము.

ఇచ్చట మేము మరియొక సంగతిని దాచక చెప్పవలసియున్నది. ములాయంసింగు ప్రసంగమున ఒక న్యాయమైన ప్రశ్న చిక్కుకొనియుండెను. బలాత్కారమునకు ఉరిశిక్ష తగునా అనునదే ఆ ప్రశ్న. 2012 డిసెంబరులో ఢిల్లీ నగరమున జరిగిన ఘోరము పిమ్మట ప్రభుత్వము జస్టిసు జె.ఎస్. వర్మ అధ్యక్షతను ఒక సంఘమును నియమించెను. లీలా సేథ్, గోపాల్ సుబ్రహ్మణ్యం అందు సభ్యులు. దేశము నలుమూలల నుండి వచ్చిన ఇంచుమించు 80,000 సూచనలను పరిశీలించి వారు 29 దినములలో, 2013 జనవరి 23వ తేదీన, తమ నివేదికను సమర్పించిరి. స్త్రీల పక్షమున అంత దృఢముగ నిలిచిన ఆ నివేదికయే బలాత్కారమునకు మరణశిక్ష వలదని చెప్పెను. శిక్ష యొక్క క్రౌర్యము కంటె శిక్ష తప్పక పడుననుటయే నేరమును ఆపునని వివేకవంతుల అభిప్రాయము. చంపినను ఉరియే, చంపకున్నను ఉరియే యైనచో దుర్మార్గుడు సాక్ష్యము మిగులకుండ చంపుటకే సిద్ధపడునను భయము కూడ నిరాధారము కాదు. తుదకు శక్తి మిల్లుల కేసులో బొంబాయి హైకోర్టు 2021 నవంబరు 25వ తేదీన ఆ ముగ్గురి ఉరిశిక్షను తగ్గించి, ప్రాణమున్నంతకాలము కారాగారవాసమును విధించెను.

కావున ఉరిని వ్యతిరేకించుట నేరము కాదు. నేరము చిన్నదని చెప్పి ఉరిని వ్యతిరేకించుటయే నేరము. న్యాయమూర్తులు, న్యాయవాదులు గంభీరముగ చర్చించిన సమస్యను నాయకుడు బజారులోనికి లాగి, బాధితురాలిని అవమానించి, దోషులను ముద్దుచేసి పాడుచేసెను. అటుపిమ్మట ఉరిని గూర్చి సందేహము వెలిబుచ్చువాడెవ్వడైనను ఆయన పక్షపువాడేయని జనులు అనుమానించుటకు అవకాశము కలిగెను. దుర్భాషణము వలన కలుగు నష్టములలో ఇది యొకటి. అది అవమానించిన వారికే గాక, తాను సమర్థింపబూనిన వాదమునకు సహితము హాని చేయును.

ఈ దుర్గుణము ఒక్క పక్షపు సొత్తు కాదు. 2012లో ఢిల్లీ ఘోరమునకు దేశము కన్నీరు కార్చుచున్న దినములలో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మంత్రియు, రాష్ట్ర కాంగ్రెసు అధ్యక్షుడునైన బొత్స సత్యనారాయణ, అర్ధరాత్రి స్వాతంత్ర్యము వచ్చినదని అర్ధరాత్రి వీధులలో తిరుగుదుమా అనెను. 2014 జూనులో మధ్యప్రదేశ్ హోంమంత్రి, భారతీయ జనతా పక్షమువాడైన బాబూలాల్ గౌర్, బలాత్కారము ఒక్కొక్కప్పుడు ఒప్పు, ఒక్కొక్కప్పుడు తప్పు అనెను. నేరములను అరికట్టవలసిన మంత్రి నోటినుండియే ఈ పలుకు! 2021 డిసెంబరు 16వ తేదీన కర్ణాటక శాసనసభలో మాజీ స్పీకరు, కాంగ్రెసు సభ్యుడు కె.ఆర్. రమేశ్‌కుమార్, బలాత్కారము తప్పనిసరియైనపుడు పరుండి అనుభవింపవలెనను తుచ్ఛమైన నానుడిని పరిహాసముగ పలికెను. ఆ సమయమున స్పీకరు పీఠమును అలంకరించియున్న భారతీయ జనతా పక్షపు సభ్యుడు నవ్వెను. మరునాడు రమేశ్‌కుమార్ క్షమాపణ చెప్పెను. ఆయన క్షమాపణ చెప్పెను గనుక ఇక విషయమును లాగవలదని స్పీకరు సభను కోరెను.

పలికిన వాడొక పక్షము, నవ్వినవాడు వేరొక పక్షము. ఇతర విషయములందు ఉప్పు నిప్పుగ నుండు పక్షములు ఈ ఒక్క విషయమున ఎంత చక్కగ కలిసినవో పాఠకులు గ్రహింతురు గాక. పలికిన మాటకు క్షమాపణ దొరికినది. నవ్వునకు క్షమాపణ ఎవరు చెప్పిరి? మాట ఒక్కని నోట పుట్టును. నవ్వు మాత్రము ఆ మాట తమకు క్రొత్తది కాదని, తప్పుగ తోచలేదని తెలుపును. అందుచేతనే ఇవి నోరు జారుటలు కావని, లోపలి బుద్ధి బయటపడుటలని మేమనుచున్నాము.

ప్రజల ఆగ్రహమునందును ఇట్టి పక్షపాతమే కనబడుచున్నది. ఎదుటి పక్షపువాడు పలికినపుడు దిష్టిబొమ్మలు తగులబెట్టువారే తమ నాయకుడు పలికినపుడు సందర్భమును చూడవలదా అందురు. స్త్రీ గౌరవము ఇట్లు రెండు పక్షముల నడుమ బంతియైనది. ఆ బంతిని ఎవరు తన్నినను నొప్పి ఆమెదే.

అట్లయిన శాసనము చేసి ఈ నోళ్లను కట్టివేయరాదా యని కొందరందురు. ఈ మార్గమును సుప్రీంకోర్టు పరిశీలించియే యున్నది. 2016 జూలైలో ఉత్తరప్రదేశ్‌లోని బులంద్‌షహర్ సమీపమున జాతీయ రహదారిపై ఒక కుటుంబమును దుండగులు అడ్డగించి తల్లిని, బాలికయైన కుమార్తెను బలాత్కరించిరి. నాటి రాష్ట్రమంత్రి ఆజంఖాను దీనివెనుక ప్రభుత్వమును అప్రతిష్ఠపాలు చేయు రాజకీయపు కుట్ర ఉన్నదేమో చూడవలెననెను. బాధితుల కుటుంబము సుప్రీంకోర్టు నాశ్రయించెను. మంత్రి మొదట దాఖలు చేసిన క్షమాపణ పత్రమున ‘నొచ్చియున్నచో’ అను మెలిక యుండుటచే అటార్నీ జనరలు అభ్యంతరము చెప్పెను. న్యాయస్థానము దానిని అంగీకరింపలేదు. పిదప నిర్వ్యాజమైన పశ్చాత్తాపము తెలుపుచు వేరొక పత్రము సమర్పింపగా 2016 డిసెంబరు 15వ తేదీన దానిని స్వీకరించెను. ‘నొచ్చియున్నచో’! మన నాయకుల క్షమాపణలన్నియు ఈ ‘చో’ అను అక్షరము చాటుననే దాగియున్నవి. కుమార్తెకు జరిగిన ఘోరమును కుట్ర అనినపుడు తండ్రికి నొచ్చునో నొవ్వదోయని సందేహించువాడు క్షమాపణ చెప్పుచున్నాడా, మరల అవమానించుచున్నాడా?

ఆ వ్యవహారమునుండి పుట్టిన రాజ్యాంగ ప్రశ్నలను ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము విచారించి 2023 జనవరి 3వ తేదీన తీర్పు చెప్పెను. రాజ్యాంగపు 19(2) అధికరణమున చెప్పబడిన పరిమితులకు మించి మంత్రుల వాక్స్వాతంత్ర్యముపై కొత్త ఆంక్షలను విధింపజాలమని ధర్మాసనము పలికెను. మంత్రి మాటలకు ప్రభుత్వమును బాధ్యునిగ చేయజాలమని అధిక సంఖ్యాకులైన న్యాయమూర్తులు నిర్ణయించిరి. ఈ అంశమున కొంత భిన్నాభిప్రాయమును ప్రకటించిన జస్టిసు బి.వి. నాగరత్న, తమ సభ్యుల మాటలను అదుపుచేయు నియమావళిని రాజకీయ పక్షములే ఏర్పరచుకొనవచ్చునని సూచించెను.

ఈ తీర్పు కొందరికి నిరుత్సాహము కలిగించెను. మేము దానిని స్వాగతింపవలసినదిగనే తలంచుచున్నాము. నాలుకలు కోయు కత్తిని ప్రభుత్వము చేతికిచ్చినచో అది మొట్టమొదట కోయునది మంత్రుల నాలుకలను కాదు. మంత్రులను విమర్శించువారి నాలుకలను. పత్రికలు నడిపినవారికి, చదివినవారికి ఈ సంగతి వేరుగ చెప్పవలసిన పనిలేదు. సుప్రీంకోర్టు ద్వారము మూయలేదు. ఈ పని మాది కాదు, పక్షములది, ప్రజలది యని దారి చూపినది. పక్షములు ఆ దారిని తొక్కుట మాకు ఇంతవరకు కనబడలేదు. ఇక మిగిలినది ప్రజలే.

ప్రజలు తలచినచో ఏమి చేయగలరో ఒక విదేశోదాహరణము చెప్పుచున్నది. అమెరికాలోని మిస్సౌరీ రాష్ట్రమున 2012లో సెనేటు స్థానమునకు రిపబ్లికను అభ్యర్థిగ నిలిచిన టాడ్ ఏకిన్ ఆగస్టు 19వ తేదీన ప్రసారమైన సంభాషణలో, నిజమైన బలాత్కారమైనచో గర్భము నిలువకుండ స్త్రీ శరీరమే అడ్డుకొనునని పలికెను. ఇది వైద్యశాస్త్రమునకు విరుద్ధము. గర్భము ధరించిన బాధితురాలు అబద్ధమాడుచున్నదని చెప్పుటయే దీని తాత్పర్యము. ఆయన క్షమాపణ చెప్పెను గాని పోటీనుండి తప్పుకొనలేదు. నవంబరు ఎన్నికలో ఆ రాష్ట్రపు ఓటర్లు అధ్యక్షపదవికి ఏకిన్ పక్షపు అభ్యర్థియైన రామ్నీకే ఎక్కువ ఓట్లు వేసిరి. సెనేటు స్థానమునకు మాత్రము ఏకిన్‌ను ఓడించి ఎదుటి పక్షపు క్లేర్ మెకాస్కిల్‌ను గెలిపించిరి. తన పక్షమును విడువకయే తన పక్షపు దుర్భాషిని విడుచు ఓటర్లు ఉండగలరని దీనివలన తేలినది. ఇక ఆ క్షమాపణ ఏమైనది? రెండేండ్ల పిమ్మట, 2014లో ప్రకటించిన గ్రంథమున, క్షమాపణ చెప్పినందులకు చింతించుచున్నానని ఏకిన్ వ్రాసికొనెను. క్షమాపణపై భారము వేయువారు ఈ వాక్యమును గోడపై వ్రాసికొనదగును.

మన దేశమునకు వత్తము. మొరాదాబాదు ప్రసంగము జరిగిన ఆ ఎన్నికలలోనే ములాయంసింగు మైన్‌పురి, ఆజంగఢ్ అను రెండు స్థానములందు గెలిచెను. 2019లో మరల మైన్‌పురినుండి గెలిచెను. 2022 అక్టోబరులో ఆయన మరణించగా, 2023లో ఎదుటి పక్షపు ప్రభుత్వమే పద్మవిభూషణ బిరుదము నిచ్చెను. దీర్ఘకాలము ప్రజాజీవితమున నిలిచిన మనుష్యుని సేవలనన్నింటిని ఒక్క ప్రసంగముతో కొట్టివేయవలెనని మేమనము. కాని ఆ ప్రసంగమునకు లెక్క అడిగినవాడెవ్వడు? ఖండించిన పక్షములా? బిరుదమిచ్చిన ప్రభుత్వమా? ఓట్లు వేసిన జనులా? లెక్క అడుగని కోపము పాలపొంగు వంటిది. పొయ్యిని పాడుచేయును గాని గిన్నెలో నిలువదు.

అట్లని కోపము హద్దు మీరినను మేలు కలుగదు. 2019 నవంబరులో హైదరాబాదు శివార్లలో యువతియైన పశువైద్యురాలిని బలాత్కరించి చంపిరి. జనుల హృదయములు మండెను. డిసెంబరు 6వ తేదీన నిందితులు నలుగురును పోలీసుల కాల్పులలో చచ్చిరి. జనులు పోలీసులపై పూలు చల్లిరి. సుప్రీంకోర్టు నియమించిన జస్టిసు సిర్పుర్కర్ కమిషను విచారించి, పోలీసులు చంపవలెనను ఉద్దేశముతోనే కాల్చిరని అభిప్రాయపడెను. 2022లో ఆ నివేదిక బయటికి వచ్చెను. విచారణ జరుగలేదు గనుక ఆ నేరము ఎవరు, ఎట్లు చేసిరో న్యాయస్థానమున రుజువుకాలేదు. పూలు వాడిపోయెను. ఫిర్యాదు ఏ ఠాణా తీసికొనవలెనను వాదముతో తొలిగంటలలో పోలీసులు కాలయాపన చేసిరని ఆ కుటుంబము మొరపెట్టుకొనిన సంగతిని పూలు చల్లినవారు మరచిరి.

కోపము సార్థకమైన ఉదాహరణములును మనకు లేకపోలేదు. మహారాష్ట్రమున 1972లో పోలీసు ఠాణాలోనే ఒక గిరిజన బాలికపై బలాత్కారము జరిగెను. ఆమె ఒంటిపై గాయములు లేవు గనుక ఆమె ప్రతిఘటింపలేదని, అందుచే అది ఆమె సమ్మతమేయని సుప్రీంకోర్టు 1978లో కానిస్టేబుళ్లను విడిచిపెట్టెను. 1979లో ఉపేంద్ర బక్షి మున్నగు నలుగురు న్యాయశాస్త్రోపాధ్యాయులు ఆ తీర్పును విమర్శించుచు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగలేఖ వ్రాసిరి. లొంగుటకును సమ్మతించుటకును గల భేదమును వారు ఎత్తిచూపిరి. 1978లోనే హైదరాబాదు నల్లకుంట ఠాణాలో ఒక స్త్రీపై జరిగిన అత్యాచారము, ఆమె భర్త మరణము మన నగరమును అట్టుడికించెను. జస్టిసు ముక్తదర్ కమిషను పోలీసులను దోషులుగ తేల్చెను. కేసు కర్ణాటకమునకు మార్చబడి, నిందితులు విడుదలైరి. దేశమంతట సంఘములు కదలెను. తత్ఫలముగ 1983లో శాసనము మారెను. ఠాణాలో, ఆసుపత్రిలో, కారాగారమున తమ అధికారములోని స్త్రీని చెరచుట ప్రత్యేక నేరమైనది. అట్టి కేసులందు లైంగిక సంబంధము రుజువైన పిమ్మట, తాను సమ్మతింపలేదని ఆమె చెప్పినచో, న్యాయస్థానము ఆ మాటను నమ్మి విచారణ సాగింపవలసినదైనది. బాధితురాలి పేరు ప్రకటించుట నిషిద్ధమైనది. నాటివారు క్షమాపణ కోరలేదు. శాసనములో వాక్యమును మార్పించిరి. వారి కోపము నాలుగు దినములు కాదు, నాలుగేండ్లు నిలిచెను.

కనుక ఆగ్రహించిన ప్రతి పౌరుడును తన్ను తాను అడుగవలసిన ప్రశ్న ఒక్కటియే: ఈ నాయకుని మాట ఎచ్చట అమలగుచున్నది? అది ఠాణాలో అమలగుచున్నది. ఫిర్యాదు నమోదు చేయ నిరాకరించు అధికారి శిక్షార్హుడని 2013లోనే శాసనము చెప్పెను. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహితయు చెప్పుచున్నది. మన తాలూకాలో ఈ నిబంధన క్రింద ఎందరు అధికారులు సంజాయిషీ ఇచ్చుకొనిరో ఏ శాసనసభ్యుడైన అడిగెనా? అది న్యాయస్థానములో అమలగుచున్నది. 2022లో దేశమున 31,516 బలాత్కారపు కేసులు నమోదయ్యెను. ఆ ఏట విచారణ ముగిసిన కేసులలో శిక్ష పడినవి నూటికి 28 దాటలేదు. తక్కినవన్నియు అబద్ధపు ఫిర్యాదులే యనుకొనుట సులభము. దర్యాప్తులోని లోపములు, సాక్షుల భయము, ఏండ్లకేండ్లు సాగు వాయిదాలు ఎరిగినవారు అట్లనుకొనరు.

అది మన రచ్చబండలపై కూడ అమలగుచున్నది. ఈ మాట మా పాఠకులలో గ్రామములందు పెద్దరికము వహించువారు, పట్టణములందు పలుకుబడి గలవారు వినవలెను. దోషి మనవాడైనపుడు, ఆ పిల్ల పాలేరు కూతురో, కూలిదాని కూతురో యైనపుడు, కొంత సొమ్ము ముట్టజెప్పి నోరు మూయించుట పెద్దమనుష్యుల తీర్పుగ చెలామణియగుచున్నది. చెరచినవానికే ఆమెనిచ్చి పెండ్లి చేసి ధర్మము నిలిపితిమని సంతసించువారును కలరు. కుర్రవాడు, తప్పు జరిగినది అని మొరాదాబాదులో లక్షలమంది విన్న మాటకును, కుర్రవాడు, పోనిమ్ము అని మన అరుగుపై నలుగురు విన్న మాటకును భేదమేమి? నాయకుడు ఆ మాటను ఆకాశమునుండి తేలేదు. మన అరుగుల మీదనే నేర్చుకొనెను. తన శ్రోతలకు రుచింపదని తెలిసిన మాటను ఓట్ల కాలమున ఏ నాయకుడును పలుకడు.

ఇక కర్తవ్యము స్పష్టము. అట్లు పలికినవానికి అభ్యర్థిత్వమిచ్చిన పక్షమును, అది మన పక్షమే యైనను, ఓటు అడుగవచ్చినపుడు వాకిటనే నిలిపి ప్రశ్నింపవలెను. అతడు చెప్పిన క్షమాపణను గాక, ఠాణాల విషయమున, న్యాయస్థానముల విషయమున అతడు చేయబోవు పనిని అడుగవలెను. బలాత్కార నేరములలో నిందితులై, న్యాయస్థానము విచారణకు స్వీకరించిన వారిని ఎన్నికలలో పోటీ చేయనీయరాదని వర్మ సంఘము చెప్పిన సలహాను పార్లమెంటు పెడచెవిని పెట్టెను. ఆ సలహాను ఓటర్లు తమంతట తాము అమలు జరుపుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు. మన గ్రామములలో, వీధులలో ఇట్టి నేరములను రాజీకి ఈడ్చు పెద్దరికమునకు స్వస్తి చెప్పి, ఆ తల్లిదండ్రులకు తోడుగ ఠాణావరకు నడువవలెను.

నాయకుడు చెప్పు క్షమాపణ వలన బాధపడిన స్త్రీకి ఒక్క సాక్షియు దొరకడు. ఒక్క వాయిదాయు తగ్గదు. ఆమె ఠాణా మెట్లెక్కినపుడు వెంట నిలుచు పెద్దమనుష్యుడొకడున్నచో ఆమెకు రెండును దొరుకవచ్చును. అప్పుడు మొరాదాబాదు మాటను ఏ సభలోనైనను పలుకుటకు నాయకునికి ధైర్యము చాలదు.